ఎండాకాలంలో చూసి బీలను బంజరంటే

శ్రీకాకుళం జిల్లా సోంపేట పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది 2010 జూలై 14 నాటి పోలీసు కాల్పులు. నాకు మాత్రం దానికి ముందు సంవత్సరం ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ ఎక్కువ గుర్తుంటుంది. 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం కోసం బీలలో దాదాపు 972 ఎకరాలు కేటాయించిన తర్వాత, చట్టం ప్రకారం జరగాల్సిన తంతుగా ఆ సభ పెట్టారు. రైతులు, మత్స్యకారులు వద్దన్నారు. ఎందుకు వద్దో కూడా చెప్పారు. డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చేసింది.

బీల అంటే ఉత్తరాంధ్ర బయటి వాళ్లకు కాస్త వివరం కావాలి. సముద్రానికీ ఊళ్లకూ మధ్య ఇసుక దిబ్బలు అడ్డం ఉంటాయి. వాన నీరు, గెడ్డల్లో (వాగుల్లో) వచ్చే నీరు నేరుగా కడలిలో కలవకుండా వాటి వెనక పల్లంలో నిలుస్తుంది. అందులో చేపలు పడతారు, అంచుల్లో వరి వేస్తారు, నీరు తగ్గాక పశువులను మేపుతారు. చుట్టుపక్కల బావుల్లో తియ్యటి నీళ్లు ఉండటానికి కూడా ఆ బీలే ఆధారం. రెవెన్యూ లెక్కల్లో ఇలాంటి నేలకు సరైన గడి లేదు. పట్టా లేదు కాబట్టి ప్రభుత్వ భూమి, ప్రభుత్వ భూమి కాబట్టి ఖాళీ భూమి, ఖాళీగా ఉంది కాబట్టి బంజరు. పర్యావరణ నివేదిక చదవకముందే సగం తీర్పు ఇక్కడే అయిపోతుంది.

మిగతా సగం నివేదికలో జరుగుతుంది. ప్రాజెక్టు ప్రభావాన్ని అంచనా వేసే అధ్యయనాల్లో గాలి, నీరు, జీవజాలం వివరాలను సాధారణంగా ఒకే సీజన్‌లో, అదీ వానాకాలం కాని సీజన్‌లో సేకరిస్తారు. గాలిలో దుమ్ము కొలవడానికి ఆ పద్ధతికి ఓ కారణం ఉంది. వానకు దుమ్ము అణిగిపోతుంది కదా. కానీ అదే పద్ధతిని చిత్తడి నేలకు వర్తింపజేస్తే? మార్చిలో, ఏప్రిల్‌లో జీపు దిగిన కన్సల్టెంటుకు పగుళ్లు తేలిన మట్టి, నాలుగు తుప్పలు, దూరంగా రెండు గేదెలు కనిపిస్తాయి. ఆయన అబద్ధం రాయనక్కర్లేదు. చూసింది చూసినట్టు రాసినా చాలు, బీల బంజరైపోతుంది.

అందుకే ఈ సభలను ఇష్టాయిష్టాలు చెప్పుకునే వేదికగా చూడటం పొరపాటు అంటాను. ఆ కన్సల్టెంటు చూడని మిగతా నెలల సమాచారం ఊరి వాళ్ల దగ్గర ఉంటుంది. గెడ్డ ఏ వైపు పొంగుతుందో, తుపాను వచ్చిన ఏడు నీరు ఎన్నాళ్లు నిలిచిందో, చేప ఏ నెలలో పైకి ఎక్కుతుందో వాళ్లకు తెలుసు. దాన్ని నివేదికలోకి ఎక్కించడమే ప్రజాభిప్రాయ సేకరణ పని.

కాగితం మీద ఏర్పాటు మరీ అధ్వానంగా ఏమీ లేదు. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. సభ ప్రాజెక్టు స్థలంలోనో దాని దగ్గర్లోనో పెట్టాలి. కలెక్టరు గానీ అదనపు కలెక్టరు హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో అక్కడికక్కడే సభా వివరాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. రాలేనివాళ్లు రాతపూర్వకంగా పంపవచ్చు. లేవనెత్తిన ముఖ్యమైన పర్యావరణ అభ్యంతరాలన్నిటికీ సమాధానం చెప్పి, ముసాయిదా నివేదికను ఆ మేరకు సవరించాల్సింది కంపెనీ.

ఇక జరిగేది అందరికీ తెలిసిందే. షామియానా, బారికేడ్లు, ముందు వరసల్లో పొద్దున్నే వచ్చి కూర్చున్న బయటి ఊళ్ల మనుషులు, మైకు కోసం తోపులాట, "రెండు నిమిషాల్లో ముగించండి" అనే కేక. ఆ రెండు నిమిషాల్లో మాట్లాడేవాడు కూడా ఉద్యోగాలు ఇస్తారా, ఇవ్వరా అన్న దగ్గరే ఆగిపోతాడు. తప్పు అతనిది కాదు. తెలుగులో అతనికి అందేది సంక్షిప్త నివేదిక మాత్రమే. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లిష్‌లో ఉంటుంది. నీటి ప్రవాహాల పటాలు, వరద లెక్కలు, జీవజాతుల జాబితాలు, అంటే అతను తప్పు పట్టగలిగినవన్నీ ఉండేది అందులోనే. ఆ జాబితాలో తన బీలలో దొరికే చేప పేరు లేదని అతనికి ఎలా తెలుస్తుంది?

భాష సంగతి మన పాలకులకు ఎంత బరువో 2020లో చూశాం. ఈఐఏ నిబంధనలనే మార్చే ముసాయిదా తెచ్చి, దాన్ని ఇంగ్లిష్, హిందీల్లోనే పెట్టారు. ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెబితే, కేంద్రం దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. అభిప్రాయ సేకరణకు ఇచ్చే గడువును 30 రోజుల నుంచి 20కి తగ్గించాలన్నది ఆ ముసాయిదాలోని ప్రతిపాదనల్లో ఒకటి. లక్షల సంఖ్యలో అభ్యంతరాలు వెళ్లాయి. ఆ ముసాయిదా ఇప్పటికీ తుది రూపం దాల్చలేదు.

అయితే మెజారిటీ వద్దంటే ఆపేయాలా? ఇక్కడ నేను ఉద్యమ మిత్రులతో పూర్తిగా ఏకీభవించలేను. కొల్లేరు మన ముందే ఉంది. 1999లో ప్లస్ 5 కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు) వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది, 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెంపారు. 2008లో అసెంబ్లీ ఆ హద్దును ప్లస్ 3కి కుదించాలని తీర్మానం చేసింది. కొల్లేటి ఊళ్లలో చేతులెత్తమంటే ఎక్కువ చేతులు ఏ వైపు లేస్తాయో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. చేతులు లెక్కపెట్టి సరస్సును కాపాడలేం, చేతుల లెక్క చూపించి సోంపేట లాంటి చోట థర్మల్ కేంద్రం కట్టడమూ న్యాయం కాదు. చెప్పిన కారణంలో పస ఉందా లేదా అన్నది తేల్చాలి. తేల్చి, ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు తోసిపుచ్చారో రాయాలి.

ఇది నా సొంత కోరిక కూడా కాదు. 2009 నవంబరులో గోవా గని కేసులో ఢిల్లీ హైకోర్టు ఇదే చెప్పింది. ప్రజలు లేవనెత్తిన అభ్యంతరాలను, అనుమతి ఇవ్వాలా వద్దా అని సిఫార్సు చేసే నిపుణుల మదింపు కమిటీ పరిశీలించి, తన కారణాలు నమోదు చేయాలని. సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే సోంపేటకు అనుమతి వచ్చింది. దాన్ని జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దు చేసిన రోజు ఏదో తెలుసా? 2010 జూలై 14. పొద్దున కాల్పుల్లో ఇద్దరు పోయారు, అదే రోజు అనుమతీ పోయింది. అది చిత్తడి నేల అని ఊరి వాళ్లు ఏడాది ముందే మైకులో చెప్పారు. కమిటీ అప్పుడే దానికి లిఖితపూర్వకంగా జవాబు చెప్పాల్సి వచ్చి ఉంటే, బీలకు పోలీసులు వెళ్లే అవసరమే ఉండేది కాదేమో. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో అదే జిల్లా కాకరాపల్లి తంపర (చిత్తడి) భూముల దగ్గర మళ్లీ కాల్పులు జరిగాయి. అంటే సోంపేట నుంచి కూడా ఎవరూ ఏమీ నేర్చుకోలేదు.

సభ అంటూ ఒకటి జరిగే ప్రాజెక్టుల గతి ఇది. అసలు సభే అక్కర్లేనివి ఇంకా ఎక్కువ. భవన నిర్మాణాలు, టౌన్‌షిప్‌లు, కొత్తగా భూమి సేకరించనక్కర్లేని రోడ్ల విస్తరణ, అనుమతి పొందిన పారిశ్రామిక పార్కుల్లోని యూనిట్లు వంటి వాటికి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. హైదరాబాద్ చెరువులను మింగింది థర్మల్ కేంద్రాలా, అపార్ట్‌మెంట్లా? ఇక 2017 చిత్తడి నేలల నిబంధనల సంగతి చూడండి. ఒక ప్రాంతాన్ని చిత్తడి నేలగా ప్రకటించే ముందు అభ్యంతరాలకు 60 రోజులు ఇస్తారు, బాగానే ఉంది. కానీ సాగునీటి కోసమో తాగునీటి కోసమో మనుషులు తవ్విన జలాశయాలు, వరి పొలాలు, ఉప్పు మడులు ఆ నిర్వచనంలోకే రావు. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులతో బతికిన తెలంగాణకు, సముద్రం ఒడ్డు పొడుగునా ఉప్పు నేలలున్న ఆంధ్రకు ఆ మినహాయింపు తర్వాత మిగిలేది ఎంత?

హైదరాబాద్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) ప్రాథమిక నోటిఫికేషన్ల మీద అభ్యంతరాలు పిలుస్తారు. వాటికి స్పందించేది ప్లాటు కొన్నవాళ్లు, కట్టినవాళ్లు. వాళ్ల టెన్షన్ వాళ్లది, కాదనను. చెరువులో చేపలు పట్టే సొసైటీ, బట్టలుతికే వాళ్లు, దిగువన వరద వస్తే మునిగే బస్తీ ఆ నోటిఫికేషన్ చూసే అవకాశం తక్కువ. చెరువు హద్దు మీద వచ్చే అభిప్రాయమంతా చెరువు లోపలికి జరగాలని కోరుకునేవాళ్లదే అయితే, ఆ ఫైలు ఎటు మొగ్గుతుంది?

అమెరికాను చూపించి మనల్ని తిట్టుకోవడం మనకు అలవాటు కాబట్టి అదీ చెప్పాలి. అక్కడ చిత్తడి నేలను పూడ్చాలంటే స్వచ్ఛ జల చట్టం 404వ సెక్షన్ కింద సైన్యపు ఇంజనీర్ల విభాగం పర్మిట్ ఇవ్వాలి. నోటీసు మీద అభిప్రాయాలకు మామూలుగా 15 నుంచి 30 రోజులే ఇస్తారు, మనకన్నా ఎక్కువేం కాదు. చిన్న పనులెన్నో దేశమంతటికీ ఒకేసారి ఇచ్చే సాధారణ పర్మిట్ల కింద విడి నోటీసు లేకుండానే సాగిపోతాయి. 2023లో అక్కడి సుప్రీంకోర్టు సాకెట్ కేసులో ఏ చిత్తడి నేలలు ఆ చట్టం కిందికి వస్తాయన్న పరిధినే బాగా కుదించింది. అయితే అడిగిన ముఖ్యమైన ప్రశ్నను పట్టించుకోకుండా పర్మిట్ ఇస్తే అది కోర్టులో నిలవడం కష్టం అన్న భయం అక్కడి అధికారులకు ఉంటుంది. మనకు కావలసిన అరువు అదొక్కటే.

మన దగ్గర దానికి కొత్త చట్టం కూడా అవసరం లేదు. అభ్యంతరాల పట్టికలో ఇప్పుడు కంపెనీ సమాధానం ఒక వరసలో ఉంటుంది. "తగిన చర్యలు తీసుకుంటాం" అని అందులో ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు. పక్కన కమిటీ అభిప్రాయానికి మరో వరస పెట్టి, ఆ పట్టికను తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. నీటితో ముడిపడ్డ ప్రాజెక్టులకు వానాకాలపు అధ్యయనం తప్పనిసరి చేయాలి. ఆలస్యమవుతుందని పరిశ్రమలు అంటాయి. కోర్టుల చుట్టూ తిరిగే ఏళ్లతో పోలిస్తే ఒక్క వానాకాలం పెద్ద ఆలస్యం కాదు.

అప్పటిదాకా ఊళ్లు చేసుకోగలిగింది కొంత ఉంది. సభలో అరిచిన అరుపు వీడియోలో ఉంటుంది, ఫైల్లో ఉండకపోవచ్చు. అందుకే ఫలానా సర్వే నంబరు, ఫలానా గెడ్డ, ఫలానా నెలలో మోకాలి లోతు నీరు అని రాసి, తేదీతో ఫొటో జతచేసి, కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ ఫొటో ఆగస్టులోనో అక్టోబరులోనో తీసిందై ఉండాలి. అనుమతి వచ్చాక హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి ఉండేది 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. ఆ ఉత్తర్వు ఇంగ్లిష్‌లో వెబ్‌సైట్‌లో పెడతారు, దాన్ని ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు. సభ అయిపోయిన మర్నాటి నుంచే ఊళ్లో చదువుకున్న ఒకరిద్దరికి ఆ సైటు చూస్తూ ఉండే పని అప్పగించాలి.