సరిహద్దు దాటిన కాయపై సమగ్ర విచారణ

బయటి సరుకు వచ్చిపడి ఇంటి పరిశ్రమ దెబ్బతిన్నప్పుడు ప్రభుత్వం ఆదుకోవడం లోకమంతటా ఉన్న ఆనవాయితీయే. అమెరికా 1962లోనే చట్టం చేసి, దిగుమతుల వల్ల కొలువు పోయినవారికి భత్యమూ, కొత్త పనిలో శిక్షణా ఇచ్చింది. పని పోయాకే డబ్బు చేతికొస్తుంది కనుక అక్కడి కార్మిక నాయకులు దాన్ని అంత్యక్రియల బీమా అని ఎద్దేవా చేశారు. మన దేశంలో ఇలాంటి ఫిర్యాదులను విచారించడానికి ఢిల్లీలో 2018 నుంచి ట్రేడ్ రెమెడీస్ డైరెక్టరేట్ జనరల్ పనిచేస్తోంది. కానీ ఈ విద్యలో చిత్తూరు జిల్లా ఇద్దరినీ మించిపోయిందని సవినయంగా మనవి.

2025 జూన్ 7న, గుజ్జు తీసే బెంగళూరా (తోతాపురి) మామిడి కర్ణాటక నుంచి జిల్లాలోకి రాకూడదని ఉత్తర్వు వెలువడింది. రెవెన్యూ, పోలీసు, అటవీ, మార్కెటింగ్ శాఖల బృందాలు చెక్‌పోస్టుల్లో కాపు కాశాయి. ఎర్రచందనం బయటికి పోకుండా చూసే అటవీ శాఖకు మామిడికాయ లోపలికి రాకుండా చూసే పని కూడా దక్కింది. దేశమంతటా వర్తకం స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణంలో రాసి ఉన్నమాట నిజమే గానీ, రాసిన పెద్దలు తోతాపురి సీజన్‌ను దృష్టిలో పెట్టుకున్నట్టు లేదు.

ఇక విచారణ. ఢిల్లీ పద్ధతిలో మూడు సంగతులు తేలాలి. సరుకును సొంతచోటి ధర కన్నా చవకగా ఇక్కడ కుమ్మరించారా అన్నది మొదటిది. కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతు తన ఊళ్లోనూ అయినకాడికే అమ్ముకున్నాడు. గుజ్జు ఫ్యాక్టరీలు ఎక్కువగా మన వైపు ఉన్నాయి కనుక ఇక్కడికి వచ్చాడు. నేరం రుజువు కాలేదు కాబట్టి ఈ అంశాన్ని సాంకేతికమైనదిగా భావించి పక్కన పెడదాం.

నష్టం జరిగిందా అన్న రెండో అంశానికి సాక్ష్యం వెతకనక్కరలేదు. ఫ్యాక్టరీ గేటు ముందు టోకెన్ చేతబట్టుకుని ట్రాక్టర్లు బారులు తీరాయి. అడుగున ఉన్న కాయ నల్లబడి, రసం తొట్టి సందుల్లోంచి కారి రోడ్డు మీద ఈగలు ముసురుతుంటే, డ్రైవర్ ట్రైలర్ కిందనే తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలపాలి, రైతుకు 12 అందాలి అన్నది లెక్క. చాలా చోట్ల ఆ ఎనిమిదీ రాలేదని రైతులు మొత్తుకున్నారు. తర్వాత కేంద్రం క్వింటాలుకు 1,490 రూపాయల 73 పైసలు ధర నిర్ణయించి, లోటు భర్తీలో సగం తాను భరిస్తానంది. ఆ 73 పైసల దగ్గర ఎంత మథనం జరిగిందో ఊహించుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

చిక్కంతా మూడో అంశంతోనే: నష్టానికి కారణం ఆ బయటి కాయేనా? గోదాముల్లో అంతకు ముందటేడు గుజ్జు డ్రమ్ములు అమ్ముడుపోక అలాగే ఉన్నాయి కనుక కొత్త కాయ కొనలేమని ఫ్యాక్టరీలవారు చెప్పారు. అంటే మన కాయను దెబ్బతీసిన సరుకు కోలారు నుంచి కన్నా 2024వ సంవత్సరం నుంచి ఎక్కువగా దిగుమతి అయిందన్నమాట. అంతటి పోటీదారును ఏ చెక్‌పోస్టూ ఆపలేదు. పైగా పొరుగు కాయకు టోకెన్ ఇచ్చి, తూకం వేసి, లోపలికి తీసుకున్నది మన జిల్లా ఫ్యాక్టరీయే. దిగుమతిదారు మనవాడు, నిందితుడు మాత్రం లారీ ఎక్కించిన పొరుగు రైతు. కొనేవాడి జోలికి పోకుండా అమ్మేవాడిని సరిహద్దులో నిలదీయడంలో ఉన్న సౌలభ్యం పాలన తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

అమెరికా తరహాలో శిక్షణ కూడా ఇవ్వాలనుకుంటే రైతులకు కాదు, చెట్లకు ఇవ్వాలి. ముదురు చెట్టు తల నరికి వేరే రకం అంటు కట్టే పద్ధతి ఉద్యాన శాఖకు తెలిసినదే. మళ్లీ కాపు వచ్చేదాకా కొన్నేళ్లు రైతు ఏం తినాలన్నది చెట్టు శిక్షణ పరిధిలోకి రాదు.

చివరగా ఒక జాగ్రత్త. మన గుజ్జు డ్రమ్ములు గల్ఫ్‌కో, యూరప్‌కో చేరాలంటే చెన్నై రేవుకు వెళ్లాలి, మధ్యలో తమిళనాడు సరిహద్దు ఉంది. కాబట్టి ఈ ఉత్తర్వు ప్రతిని, అందులోని తర్కంతో సహా, అరవంలోకి అనువదించకుండా చూడవలసిందిగా సంబంధిత అధికారులను కోరుతున్నాను.