కోతిని చూడమన్నారు కదా, చూద్దాం

“గర్భంలో ఊరే హార్మోన్లే స్త్రీని తల్లిని చేస్తాయి. కోతిని చూడండి, ఎవరూ నేర్పకుండానే పిల్లను పొట్టకు కరుచుకుంటుంది. కాన్పు కాగానే బిడ్డ మీద ప్రేమ పొంగలేదంటే ఆ తల్లి హార్మోన్లలో లోపమున్నట్టే. కననివారికి, మగవారికి ఆ మమకారం రమ్మన్నా రాదు.” ఈ సందేశం నాకే నాలుగుసార్లు వచ్చింది. రాసినవారు కోతిని సాక్షిగా పిలిచారు కనుక ఆ సాక్షినే అడుగుదాం.

హార్మోన్ల పాత్ర కట్టుకథ కాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. మార్మోసెట్ అనే చిన్న జాతి కోతులతో క్రిస్టఫర్ ప్రైస్ బృందం చేసిన ప్రయోగం 1993లో అచ్చయింది. మీట నొక్కితే పిల్లకోతి బొమ్మ కనబడుతుంది, అప్పటిదాకా వినిపిస్తున్న పిల్ల ఏడుపు ఆగుతుంది. నెలలు నిండిన కోతిలో ఉండేంత మోతాదులో ఈస్ట్రడయాల్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు ఇస్తే ఆడకోతులు ఆ మీటను మరిన్నిసార్లు నొక్కాయి. అంటే హార్మోన్లు మనసును బిడ్డ వైపు లాగుతాయి. బిడ్డను ఎలా ఎత్తుకోవాలో మాత్రం అవి చెప్పవు.

“ఎవరూ నేర్పకుండానే” అన్న మాట ఇక్కడే కూలుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వవేత్త కొన్ని రీసస్ జాతి కోతిపిల్లలను తల్లికీ తోటి కోతులకూ దూరంగా పెంచారు. (ఆ ప్రయోగాల క్రూరత్వం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.) వాటిలో ఆడవి పెద్దవై, నెలలు మోసి, కన్నాయి. తీరా బిడ్డ తమ ఒంటిని పట్టుకుంటే చాలామటుకు పురుగును దులిపినట్టు దులిపేశాయి. కొన్ని బిడ్డ ముఖాన్ని నేలకేసి రుద్దాయి. నిండు గర్భమూ, కాన్పూ వాటిని తల్లులను చేయలేకపోయాయి. ఆ తల్లుల్లోనే చాలా కోతులు రెండో కాన్పులో బిడ్డను చక్కగా సాకాయి. తొలి బిడ్డతో కొన్నాళ్లయినా గడిపినవాటిలో ఈ మార్పు ఎక్కువ. గర్భం రెండుసార్లూ గర్భమే, మధ్యలో వచ్చి చేరింది అనుభవం.

కననివారికి మమకారం రాదా? కొండముచ్చుల గుంపును కాసేపు గమనించండి. పుట్టిన రోజునే పిల్ల చేతులు మారుతుంది, ఇంకా కనని కుర్ర కొండముచ్చులే దాని కోసం ఎగబడతాయి. ఎలుకలు మన వంశం కాకపోయినా ఒక మాట: ఈనని ఆడ ఎలుక దగ్గర పిల్లలను ఉంచితే మొదట తప్పుకుంటుంది, వారం గడిచేసరికి నాకి, గూటికి చేరుస్తుంది.

మగవారి సంగతికి దక్షిణ అమెరికా టీటీ కోతి చాలు. పిల్ల పాలకు తల్లి దగ్గరికి వెళుతుంది, తక్కిన సమయమంతా తండ్రి వీపు మీదే. మనుషుల్లోనూ, ఫిలిప్పీన్స్ యువకులపై 2011లో వచ్చిన అధ్యయనంలో తండ్రులయ్యాక టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తగ్గింది. రోజూ మూడు గంటలకు పైగా బిడ్డను చూసుకునేవారిలో అది ఇంకా తక్కువ. బిడ్డను సాకడమే హార్మోన్లను మార్చగలదన్న సంగతి సందేశం రాసినవారికి తట్టినట్టు లేదు.

ఇక “లోపం”. నాకు కోపం తెప్పించింది ఈ మాటే. రాబ్సన్, కుమార్ అనే పరిశోధకులు 1980లో ప్రచురించిన అధ్యయనంలో, బిడ్డను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు తమకు ఏమీ అనిపించలేదని తొలి కాన్పు తల్లుల్లో దాదాపు 40 శాతం మంది చెప్పారు. వారిలో ఎక్కువమందికి వారం తిరిగేలోగా ప్రేమ కలిగింది. ఆ వారం రోజుల్లో ఉన్న బాలింత ఎవరో, పక్కన బిడ్డను పెట్టుకుని, ఈ సందేశం చదివే ఉంటుంది.