సీనా కథను మధ్యలోనే వదిలేశారు

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌కు ఇది స్వర్ణయుగమని ఒక వ్యాసంలో చదివాను; ఆ మాటలో సగాన్నే నేను అంగీకరిస్తాను. డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థ రెజ్లర్ గుంథర్ వంటి వారిని చూశాక, బరిలోని నైపుణ్యం తగ్గిందని ఎవరూ అనలేరు. లోపమంతా ఆ పోటీల కోసం ముందే రాసుకునే కథనంలోనే ఉంది. 2025 మార్చి 1న అగ్ర రెజ్లర్ జాన్ సీనా, రెజ్లర్-నటుడు ది రాక్ పక్షాన చేరి అప్పటి చాంపియన్ కోడీ రోడ్స్‌పై దాడి చేసినప్పుడు, రెండు దశాబ్దాలుగా మంచివాడిగానే కనిపించిన మనిషి ప్రతినాయకుడయ్యాడని మాబోటి అభిమానులు ఎంతో ఆశపడ్డారు. తీరా ఏటా జరిగే అతిపెద్ద ప్రదర్శన రెజిల్‌మేనియాకు రాక్ రానేలేదు, ఆయనకు బదులు ఒక ర్యాప్ గాయకుడు వచ్చి జోక్యం చేసుకున్నాడు (ఆ నిర్ణయం ఎవరిదో కానీ, వారికి దండం పెట్టాలి), ఆగస్టు వచ్చేసరికి సీనా బలమైన కారణమేదీ లేకుండానే మళ్లీ మంచివాడైపోయాడు.

2023 సెప్టెంబరు 8న మన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అదే సీనా మంచివాడిగా, మరో రెజ్లర్ సేథ్ రోలిన్స్‌తో జట్టుకట్టి, ప్రతినాయకుల బృందమైన ఇంపీరియం ద్వయంతో తలపడ్డాడు. ఫలితాన్ని ముందే ఊహించగలిగినా ఆ పోటీ రక్తి కట్టింది, ఎందుకంటే ఎవరి పక్షాన కేకలు వేయాలో హైదరాబాద్ ప్రేక్షకులకు స్పష్టంగా తెలుసు. ఇప్పుడు రెజిల్‌మేనియాలాగే, వేసవి ప్రదర్శన సమ్మర్‌స్లామ్‌ను కూడా రెండు రాత్రులకు పొడిగించారు. పెరిగిన ఆ సమయంలో కొంతైనా ఇటువంటి మలుపులకు కారణాలు చూపడానికి వెచ్చించి ఉండవలసింది.