ప్రింటుకిచ్చిన పీడీఎఫ్‌నే ఈబుక్ అంటే ఎలా?

నెల్లూరులోనూ ఒంగోలులోనూ సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకునే రచయితలకు కొదవ లేదు. నెల్లూరు టౌన్ హాల్లో ఆవిష్కరణ అయిపోయాక చాలామందికి ఈబుక్ గుర్తొస్తుంది. డీటీపీ ఆయన దగ్గరున్న పీడీఎఫ్‌ తెచ్చి అలాగే ఎక్కించేస్తారు. ఎక్కడ అమ్మాలన్నది తర్వాతి సంగతి, చిక్కు ఆ ఫైలుతోనే మొదలవుతుంది.

పీడీఎఫ్ పేజీ కాగితం కొలతకు కట్టినది. ఫోన్‌లో అక్షరం పెద్దది చేస్తే ప్రతి లైనుకూ పక్కకు జరుపుకుంటూ చదవాలి. ఓ ఇరవై పేజీలు అలా చదివిన పాఠకుడు మళ్ళీ ఈబుక్ జోలికి రాడు. ఈబుక్‌ల కోసమే ఉన్న ఫైలు రకం ఈపబ్. ఈపబ్‌లో అయితే స్క్రీన్‌ ఎంతుంటే అంతలోకే లైన్లు సర్దుకుంటాయి. పిల్లల బొమ్మల పుస్తకాలకు మాత్రం పీడీఎఫ్ ఫరవాలేదు.

ఈపబ్ చేయాలంటే మ్యాటర్ ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో ఉండాలి. మన దగ్గర పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టడం పాత అలవాటు. అది చూడ్డానికి తెలుగే కానీ, లోపలున్నది ఇంగ్లీషు అక్షరాల కోడ్. ఫాంట్ లేని చోట పిచ్చి గీతలు కనిపిస్తాయి. కన్వర్టర్లున్నా ఒత్తులు తారుమారవుతాయి, ప్రూఫు మళ్ళీ మొదటినుంచీ చూడాల్సిందే. అంతకన్నా మొదట్లోనే యూనికోడ్‌లో కొట్టించుకోవడం చవక. ఆ ఫైలుంటే క్యాలిబర్, సిజిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈపబ్ తయారవుతుంది. కిండిల్ (అమెజాన్ ఈబుక్ రీడర్) పాత ఫార్మాట్ మోబి గురించి టెన్షన్ అక్కర్లేదు. మామూలు పుస్తకాలకు ఆ ఫార్మాట్ తీసుకోవడం అమెజాన్ 2021లోనే మానేసింది.

ఇక అమ్మకం. 2016లో కిండిల్‌కు అమెజాన్ ఐదు భారతీయ భాషలు చేర్చింది. అవి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. రైలెక్కితే నాలుగు గంటల్లోపే చేరే చెన్నైలో రచయితకు దొరికిన సౌకర్యం నెల్లూరు రచయితకు దొరకలేదు. (మన జనాభా లెక్క వాళ్ళకు ఎవరు చెప్పాలో!) అందుకే నేనైతే ముందు గూగుల్ ప్లే బుక్స్ చూడమంటాను. అది ఈపబ్ తీసుకుంటుంది, పాఠకుడికి ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే చాలు. అమెరికాలో ఉన్న ఒంగోలు వాళ్ళు కూడా అక్కడి కార్డుతోనే కొనుక్కోవచ్చు.

ఊళ్ళో తెలిసినవాళ్ళకు మాత్రం దుకాణమెందుకు? యూపీఐలో డబ్బు వేయించుకుని ఫైలు వాట్సాప్‌లో పంపితే కమీషన్ మిగులుతుంది. ఆ ఫైలు గ్రూపుల్లో తిరుగుతుందన్న భయం నిజమే. కానీ కాపీ చేయకుండా తాళం వేసిన ఫైలుతో ఇబ్బంది పడేది డబ్బిచ్చి కొన్నవాడే. ధర యాభై, అరవై రూపాయల్లో ఉంటే అడుక్కోవడం కన్నా కొనడమే తేలికనుకునేవాళ్ళు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు.