ఫ్రిజ్ వెనుక గాలి ప్రసరణను ముందు చూడాలి

క్యాంపర్ వ్యాన్‌లోని ఫ్రిజ్ సరిగా చల్లబరచకపోతే ముందుగా థర్మోస్టాట్ (చల్లదనాన్ని నియంత్రించే భాగం) మార్చి చూడమని నేను చదివిన ఒక వ్యాసంలో సూచించారు. ఈ సలహాతో నేను ఏకీభవించలేను, ఎందుకంటే కొలవకుండా విడిభాగాలు మార్చడం వృథా ఖర్చు. తలుపు తీసిన ప్రతిసారీ లోపలి గాలి ఉష్ణోగ్రత మారిపోతుంది కాబట్టి, థర్మామీటరును గ్లాసు నీటిలో ఉంచి, మధ్య అరలో పెట్టి, రాత్రంతా తలుపు తెరవకుండా వదిలేసి, ఉదయం ఆ అంకెతో పాటు బయటి ఉష్ణోగ్రతను కూడా రాసుకోవాలి. నీరు 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే ఫ్రిజ్ బాగున్నట్టే.

నేను చెబుతున్నది గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ గురించి; ఇందులో కంప్రెసర్ ఉండదు. గ్యాస్ బర్నరు లేదా కరెంటు హీటరు ఇచ్చే వేడికి నీటి నుంచి విడిపోయిన అమ్మోనియా ఆవిరి, వెనుకనున్న ఫిన్ల (వేడిని బయటికి వదిలే పలుచని లోహపు రేకుల) వద్ద చల్లబడి ద్రవమై, హైడ్రోజన్ సమక్షంలో మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని పీల్చుకుంటుంది. ద్రవం గురుత్వాకర్షణతోనే కిందికి పారుతుంది కనుక వాహనం సమతలంగా నిలవాలి. నా అభిప్రాయంలో అసలు లోపం ఎక్కువగా ఫిన్ల దగ్గరే ఉంటుంది: ఫిన్లకూ వ్యాను గోడకూ మధ్య ఖాళీ మరీ ఎక్కువైతే, కింది జాలీ నుంచి వచ్చిన గాలి వాటిని తాకకుండానే పైకి పోతుంది. పలుచని అల్యూమినియం రేకును వాలుగా బిగించి ఆ గాలిని ఫిన్ల మీదికి మళ్లించి, పై జాలీ దగ్గర 12 వోల్టుల చిన్న ఫ్యాను అమర్చి, మళ్లీ అదే గ్లాసు పరీక్ష చేయండి. ఫ్యాను గాలికి బర్నరు మంట కదలకుండా జాగ్రత్తపడాలి.

గ్యాస్‌పై బాగా చల్లబడి కరెంటుపై చల్లబడకపోతే మాత్రం హీటరునూ, దానికి అందుతున్న వోల్టేజీనీ పరీక్షించాలి.