ఫ్యాను గాలికి కదిలిన ఓడ

బెల్‌ఫాస్ట్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది అక్కడి పాత సామాన్ల సంతలో ఒక ఫొటో ఆల్బమ్ కొని, అది సాక్షాత్తూ టైటానిక్‌దేనని నమ్మి, సెలవులకు వచ్చినప్పుడు మాకు కానుకగా తెచ్చాడు. నల్లటి దళసరి అట్టల మీద, మూలలను చిన్న కాగితపు తొడుగులలో దోపి అమర్చిన ఫొటోలు అవి. మొదటి సగం హార్లండ్ అండ్ వుల్ఫ్ వారి కార్ఖానాలో ఓడ కడుతున్నవి; మిగిలిన సగం ఆ ఓడ మీద కుర్చీలలో కాళ్లు బారజాపి, మోకాళ్ల మీద కంబళ్లు కప్పుకున్న దొరలవీ దొరసానులవీ. తొడుగుల బంక ఏనాడో ఎండిపోయిందన్న సంగతి, ఉక్కపోస్తోందని మా మామగారు ఫ్యాను అయిదులో పెట్టిన తరువాత గాని మాకు తెలియలేదు.

సోఫా కింద నుంచీ బీరువా వెనుక నుంచీ మేము ఏరి తెస్తూ ఉండగానే మా ఆవిడ, మనుషులున్నవి ముందు, లేనివి వెనుక అన్న పద్ధతిలో వాటిని సర్దేసింది. ఆ లెక్కన దొరలందరూ అట్లాంటిక్ దాటి క్షేమంగా దిగిపోయిన తరువాత, తీరిగ్గా ఓడకు అడుగుదూలం వేయడం మొదలైంది.

సరిచేసే భారం నా మీద పడింది. పాలిపోయిన రంగులో, పొగగొట్టాలు లేకుండా నీళ్లలోకి జారుతున్న ఓడను చూసి మామగారు, "రంగు వెలిసింది, గొట్టాలు ఊడిపోయాయి. మావాడిని నిలువునా ముంచారు అల్లుడుగారూ!" అని నిట్టూర్చారు. పొగగొట్టాలు ఓడ నీటిలోకి దిగిన తరువాతే బిగిస్తారని చెప్పి ఆయనను ఊరడించాను గాని, రంగు దగ్గర నా నోరు పెగలలేదు. ఫొటోలలో బాగా కనబడాలని లేతబూడిద రంగు పూసి 1910 అక్టోబరు 20న జలప్రవేశం చేయించినది టైటానిక్‌ను కాదు, దాని అక్క ఒలింపిక్‌ను. భూతద్దం పెట్టి చూస్తే, టైటానిక్‌లో ముందు సగానికి కిటికీలు బిగించిన పై వసారా, ఇందులో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బార్లా తెరిచే ఉంది.

"పక్కపక్కనే కట్టారు కదా బావగారూ, ఏదయితేనేం?" అన్నాడు బావమరిది, నీళ్లు నములుతూ.

"ఇంతకీ ఆ అక్క ఏమైంది?" అన్నారు మామగారు.

"1935 దాకా తిరిగిందండీ."

ఆయన భూతద్దం పక్కన పెట్టి, "ఒరేయ్, మునగని ఓడకా ఇంత డబ్బు తగలేశావు?" అన్నారు.

బావమరిది జవాబు చెప్పకుండా లేచి వెళ్లి ఫ్యాను ఆపాడు.