సెవెంత్ గ్రేడ్ క్రిస్టియన్ సైన్స్ పుస్తకం గారికి, ఉప్పు ఎన్ని స్పూన్లో రాయలేదు మీరు

పుస్తకం గారూ, వందనాలు.

మీరు మా ఇంటికొచ్చి నాలుగు నెలలైంది, ఇంతవరకూ పేజీలు తిప్పడమే గానీ మీతో మనసు విప్పి మాట్లాడింది లేదు. మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం, బాబుని ఇంట్లోనే చదివిస్తున్నాం, వాడిప్పుడు సెవెంత్. మిమ్మల్ని ఎంచుకోడానికి నేను పడ్డ పాట్లు నాకు సంబంధాలు చూసేటప్పుడు మా నాన్న కూడా పడలేదండీ. అప్పుడైనా లూథరనా బాప్టిస్టా, అబ్బాయి ఏం చేస్తాడు, అంతే, కాఫీ తాగి లేచేవాళ్ళు. ఇక్కడ ఇంట్లో చదివించే తల్లులంతా కలిసి నడుపుకునే హోమ్‌స్కూల్ కోఆప్‌లో ఏ అమ్మని సలహా అడిగినా ముందు మా మొహంలోకి ఓసారి చూసి గొంతు తగ్గించి "యంగ్ ఎర్తా, ఓల్డ్ ఎర్తా?" అంటుంది. నేను మొదట్లో అదేదో సాయిల్ టైపు అనుకున్నా, మా దొడ్లో నల్లరేగడి అని చెప్పా కూడా. తర్వాత తెలిసింది, భూమి వయసు ఆరు వేల ఏళ్ళా, కోట్ల ఏళ్ళా, మీరు ఏది నమ్ముతారు అని అడుగుతున్నారట.

మా ఆయన సాయం చేస్తానని "క్రిస్టియన్ సైన్స్" అని నెట్లో కొట్టారు. వచ్చింది పుస్తకం కాదు, చర్చి. 1879లో బోస్టన్‌లో మేరీ బేకర్ ఎడ్డీ అనే ఆవిడ పెట్టిన చర్చి, ఒంట్లో బాగోకపోతే డాక్టరు కంటే ముందు ప్రార్థన అంటారు వాళ్ళు. ఈయన అరగంట చదివి "ఇందులో సైన్స్ ఎక్కడుందే?" అని అడిగారు. అప్పుడు నవ్వాను గానీ, మీరు ఇంటికొచ్చాక అదే ప్రశ్న నేనూ అడగాల్సొచ్చింది.

ఇంకో తమాషా ఏంటంటే మీరు అసలు రానక్కర్లేదు. టెక్సస్‌లో ఇంట్లో చదివించే పిల్లలకి తప్పనిసరిగా చెప్పాల్సినవి ఐదే: చదవటం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా ఎలా ఉండాలి అన్నది. 1994లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు ఖాయం చేసిన లిస్టు అది, సైన్స్ ఊసే లేదు. అంటే మిమ్మల్ని ఎవరూ నా మీద రుద్దలేదు, నేనే డబ్బులిచ్చి తెచ్చుకున్నా. పుస్తకం వేరు, యాక్టివిటీ పుస్తకం వేరు, టీచర్ గైడు వేరు, టెస్టులు వేరు, ఆ టెస్టులకి జవాబులు ఇంకో వేరు పుస్తకం. అన్నీ కలిపితే వచ్చిన బిల్లుకి గుంటూరులో మా చిన్నాన్న వాళ్ళమ్మాయి స్కూలు ఫీజు ఒక టర్ముది కట్టేయొచ్చు.

సరే, తెచ్చుకున్నా. తెరిచా. మీ బొమ్మలు బాగున్నాయి, కాదనను. కణం బొమ్మ మా నాన్నకి వీడియో కాల్‌లో చూపిస్తే ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని మరీ చూశారు. కానీ ప్రతి నాలుగు పేజీలకీ ఒక డబ్బా, అందులో ఒక సైంటిస్టు ఫొటో, ఆయన ఎంత భక్తిపరుడో ఒక పేరా. న్యూటన్ ఉన్నాడు, ఫారడే ఉన్నాడు, బఠాణీ మొక్కలు పెంచిన మెండెల్ అయితే మఠంలో సన్యాసే కాబట్టి ఆయనకి పెద్ద డబ్బా. సంతోషం. మరి లెమైత్రే ఏడండీ? బెల్జియం కాథలిక్ ఫాదరు, గౌను వేసుకునే లెక్కలు చేశాడు, విశ్వమంతా ఒక చిన్న అణువులాంటి దాన్నుంచి మొదలైందని 1931లో చెప్పినవాడు. ఇప్పుడు బిగ్ బ్యాంగ్ అంటున్నామే, దాని పుట్టింటి మనిషి. ఆయనకి చిన్న డబ్బా కూడా లేదు. పెళ్ళికి చుట్టాలందరినీ పిలిచి, నిజం మాట్లాడే మేనమామని మాత్రం పిలవనట్టు ఉంది మీ వరస.

పోయిన అక్టోబర్‌లో బ్రాజోస్ బెండ్ పార్కులో ఉన్న జార్జ్ అబ్జర్వేటరీకి తీసుకెళ్ళాం మా వాణ్ణి. ఆండ్రోమెడా గెలాక్సీ చూపించారు, మసకగా దూదిపింజలా ఉంది, దాని వెలుగు మన దగ్గరికి రావడానికి 25 లక్షల సంవత్సరాలు పట్టిందని చెప్పారక్కడ. కార్లో వస్తూ వెనక సీట్లోంచి "అమ్మా, నా బుక్‌లో భూమికి ఆరు వేల ఏళ్ళే అనుంది కదా, మరి ఆ లైట్ ఎప్పుడు బయల్దేరింది?" అన్నాడు. నేను రేడియో సౌండు పెంచా. ఇంటికొచ్చి మీ టీచర్ గైడు తెరిస్తే "విద్యార్థి ఇలా అడిగితే ఇది వరల్డ్‌వ్యూ (లోకాన్ని మనం చూసే తీరు) గురించి చర్చించడానికి మంచి అవకాశం" అని రాసుంది. అవకాశమే లెండి, నాకు. మిమ్మల్ని అడిగేవాడు లేడు.

ఆ ఆరు వేల లెక్క ఎక్కడిదా అని చూస్తే, ఐర్లండ్‌లో అషర్ అనే ఆర్చిబిషప్పు 1650లో వంశావళులన్నీ కూడి లెక్క తేల్చాడట, సృష్టి క్రీస్తుపూర్వం 4004 అక్టోబర్ 23న మొదలైందని. ఆ రోజుల్లో ఉన్న కాగితాలతో ఆయన చేతనైనంత నిజాయితీగా చేశాడు, ఆయన మీద నాకేం కోపం లేదు. ఆ తర్వాత మూడొందల డెబ్భై ఏళ్ళలో దొరికిన కాగితాలు మీరు చూడకపోవడమే నా బాధ.

గ్రాండ్ కాన్యన్ చాప్టరుకొద్దాం. ఆ రాళ్ళ పొరలన్నీ నోవహు జలప్రళయంలో ఒక్క ఏడాదిలో పడ్డాయన్నారు. మేం అక్కడికెళ్ళినప్పుడు లోయ అడుగున ఉన్న నల్లటి రాయి పేరు చూసి మా ఆయన పడీపడీ నవ్వారు: విష్ణు షిస్ట్. మన విష్ణువేనండీ! వయసు సుమారు 170 కోట్ల సంవత్సరాలు. మీరు పొరలన్నీ ఓపిగ్గా వర్ణించి దాని పేరు మాత్రం రాయలేదు, పేరు చూసి జడిశారో వయసు చూసి జడిశారో మీకే తెలియాలి.

మా చర్చిలో ఒక అంకుల్ ఉన్నారు, ఆయిల్ కంపెనీలో జియాలజిస్టు. వెస్ట్ టెక్సస్‌లో పెర్మియన్ బేసిన్ ఆయన ఏరియా, పాతిక కోట్ల ఏళ్ళు దాటిన రాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ కోట్ల లెక్కతోనే ఎక్కడ డ్రిల్ చెయ్యాలో చెప్తారు, ఆదివారం మిమ్మల్ని రికమెండ్ చేస్తారు. అంకుల్, మరి ఆరు వేల ఏళ్ళ లెక్కతో ఒక్క బావి తవ్వి చూడొచ్చుగా అంటే, "అది జాబ్ అమ్మా" అన్నారు.

ఇదంతా మా నాన్నకి చెప్పా. ఆయన గుంటూరులో మిషన్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు బయాలజీ మాస్టారు, మా సంఘంలో పెద్ద కూడా. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన చేయించేది ఆయనే, మూడో పీరియడ్లో డార్విన్ చెప్పేదీ ఆయనే. మధ్యలో రెండో పీరియడు ఉండేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది అయ్యేది కాదు. మా ఊరికి 1842లో అమెరికా నుంచి ఫాదర్ హయ్యర్ వచ్చాడు, 1883లో డాక్టర్ కుగ్లరమ్మ వచ్చింది, వాళ్ళ మిషన్ వల్లే మాకు స్కూళ్ళూ ఆస్పత్రీ వచ్చాయి, అక్కడ మేం చదివింది మాత్రం అందరూ చదివే గవర్నమెంటు సైన్స్ పుస్తకమే. ఇప్పుడు మేం వాళ్ళ దేశం వస్తే మా పిల్లలకి మీరు దొరికారు. నాన్న అంతా విని ఒకటే అడిగారు, "బైబిలు ఇంట్లో ఉందిగా అమ్మాయ్? మరి మళ్ళీ సైన్స్ పుస్తకంలో కొనడమెందుకు?"

అలాగని అక్కడంతా సవ్యంగా ఉందనీ కాదు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు పదో క్లాసు పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేశారు, హైదరాబాద్‌లో మా వదిన కూతురి బ్యాచ్‌కి అది లేదు. దేవుళ్ళు వేరైనా కత్తెర ఒకటే కంపెనీదిలా ఉంది.

ఇక రేపు కాలేజీ సంగతి. మీలాంటి పుస్తకాలతో చెప్పిన కొన్ని కోర్సుల్ని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అడ్మిషన్‌కి లెక్కలోకి తీసుకోనంటే క్రిస్టియన్ స్కూళ్ళు కోర్టుకెళ్ళాయి, 2008లో ఓడిపోయాయి, 2010లో అప్పీల్లోనూ ఓడిపోయాయి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీరు షెల్ఫులో హాయిగా పడుకున్నారు.

చివరికి మీ మీద ఆశ ఎక్కడ పోయిందంటే ఈ కోట్ల ఏళ్ళ దగ్గర కాదండీ, గుడ్డు దగ్గర. సాంద్రత పాఠంలో ఉప్పునీళ్ళలో కోడిగుడ్డు తేలే ప్రయోగం ఇచ్చారు. పేజీలో సగం మత్తయి సువార్తలోని లోకానికి ఉప్పు వాక్యం, చుట్టూ పూల బోర్డరు. ఉప్పెంత వెయ్యాలో మాత్రం లేదు, "తగినంత" అని ఉంది, మా అమ్మ పులుసు చెప్పినట్టు! మా వాడు రెండు స్పూన్లు వేశాడు, గుడ్డు అడుగునే ఉంది. నావైపు చూశాడు. నేను ఫోన్లో నాన్నవైపు చూశా. అక్కడ రాత్రి పదైంది, ఆయన లుంగీ సర్దుకుని మంచం మీద లేచి కూర్చుని "తేలేదాకా అరస్పూను అరస్పూను వెయ్యి నాన్నా, వేసినప్పుడల్లా రాసుకో" అన్నారు. నాలుగున్నర టీస్పూన్లకి తేలింది. ముగ్గురం అరిచాం, పైనుంచి మా ఆయన దిగొచ్చారు ఏమైందోనని.

వచ్చే శనివారం కోఆప్‌లో పాత పుస్తకాల సేల్ ఉంది, మిమ్మల్ని ఇరవై డాలర్లకి పెట్టా, బేరం ఆడితే పదిహేనుకి కూడా ఇచ్చేస్తా. లోపల గీతలేం లేవు, ఆ వాక్యం పక్కన మార్జిన్లో మాత్రం మా వాడు పెన్సిల్‌తో "ఒక గ్లాసు నీళ్ళకి 4½ టీస్పూన్లు, తాతయ్యతో చెక్ చేశాం" అని రాశాడు. కొనుక్కునేవాళ్ళు ఎవరైనా సరే, దాన్ని చెరపొద్దని చెప్పి ఇస్తా.

ఇట్లు,
ఏడో గ్రేడ్ అమ్మ